పాత రోలెక్స్ చైను మార్చాలా? ముందు కడగండి

“మా నాన్నగారి పాత రోలెక్స్ చైను బాగా వదులైపోయింది, కొత్త రకం చైన్లే మేలంటున్నారు, మార్పించేయమంటారా?” అని అడిగారు. నా మాట వింటే వద్దు. ముందు దాన్ని శుభ్రంగా కడిగించండి, మిగతాది తర్వాత.

కొత్త చైను గట్టిదే, కాదనను. 1945లో డేట్‌జస్ట్ అనే రోలెక్స్ మోడల్‌తో పాటు పుట్టిన జూబిలీ రకం చైనే తీసుకోండి. పాతవాటిలో మధ్య లింకులు లోపల బోలుగా ఉండేవి. కేసుకి, అంటే వాచీ ఒంటికి, ఆనుకునే చివరి ముక్కలు వంచిన రేకు, లాకు కూడా పల్చటి రేకే. ఇప్పుడవన్నీ నిండు లోహం. అయితే గట్టిగా ఉన్నదల్లా చేతికి హాయిగా ఉండాలని ఎక్కడుంది?

మా పెదనాన్నగారు కువైట్‌లో పనిచేసే రోజుల్లో కొనుక్కున్న డేట్‌జస్ట్ ఒకటుంది, స్టీలూ బంగారం కలిసినది. అప్పట్లో మా కోనసీమలో ఆ వాచీ చూస్తే చాలు, గల్ఫ్ నుంచి దిగాడని చెప్పేసేవారు. లాకు తెరిస్తే లోపల ఒక అక్షరం, ఒక అంకె. 1976 నుంచి చాలా ఏళ్లపాటు ఇలా కొట్టేవారు, అక్షరం సంవత్సరానికి, అంకె నెలకి. ఈయనది హెచ్, అంటే 1983.

మొన్న మే నెలలో మా ఇంట్లో పెళ్లికి మా బావమరిది న్యూజెర్సీ నుంచి కొత్త డేట్‌జస్ట్ 41 పెట్టుకుని వచ్చాడు. వీడియోల్లో చూపిస్తారే, ఆ పరీక్ష పెట్టాడు: వాచీని పక్కకి తిప్పి పట్టుకుంటే చైను ఎంత కిందికి వాలుతుందో చూడటం. వాడిది నిటారుగా నిలబడింది. పెదనాన్నగారిది వాడిపోయిన తోటకూర కాడలా వేలాడింది. “మావయ్యగారూ, ఇది అయిపోయిందండీ, మార్పించేయండి” అన్నాడు. ఆయన వాచీ తిరిగి చేతికి పెట్టుకుంటూ, “మధ్యాహ్నం భోజనాల దాకా ఆగు బాబూ” అన్నారంతే.

భోజనాల వేళకి షామియానా కింద ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండకి చేతులు ఉబ్బుతాయి. బావమరిది మణికట్టు మీద లింకుల అచ్చు ఎర్రగా పడింది. కొత్త లాకులో ఈజీలింక్ అని ఒక ముక్క ఉంటుంది, విప్పితే చైను 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. విప్పాడు. ఈసారి వాచీ బరువుకి డయల్ మణికట్టు కిందికి జారిపోవడం మొదలైంది. పప్పు వడ్డించుకునే చేత్తో దాన్ని పైకి తోసుకుంటూనే ఉన్నాడు పాపం. పెదనాన్నగారి చైను మాత్రం చెయ్యి ఎటు తిరిగితే అటే తిరుగుతోంది. తేలికైన వాచీకి తేలికైన చైను, లెక్క సరిపోయింది. ఆ రోజుతో మన ఎండలకి బోలు చైనే సరైనదని నాకు ఖాయమైపోయింది. ఇంజినీర్లు ఏమైనా చెప్పుకోనివ్వండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. రోలెక్స్ వాళ్ల డైవింగ్ వాచీ సబ్‌మెరైనర్ కొత్తదాన్లో గ్లైడ్‌లాక్ అనే లాకు ఉంటుంది, చైను పొడవుని 2 మిల్లీమీటర్ల చొప్పున దాదాపు 20 దాకా ఏ పనిముట్టూ లేకుండా జరుపుకోవచ్చు. అది నిజంగా గొప్ప పనితనం. పాత లాకులో అయితే పక్క రంధ్రాల్లోని స్ప్రింగు పిన్నుని గుండుసూదితో నొక్కి జరపాలి. అది ఎగిరిపడితే మంచం కింద వెతుక్కోవాలి.

ఇక మీ వదులు సంగతి. అందరూ “చైను సాగింది” అంటారు గానీ లోహం సాగదు. చెమటా దుమ్మూ లింకుల మధ్య చేరి, సానపెట్టినట్టు పిన్నునీ దాని రంధ్రాన్నీ అరగదీస్తాయి. బంగారం మెత్తన కాబట్టి ఇంకా తొందరగా అరుగుతుంది. రోలెక్స్‌లోనే డే-డేట్ అనే మోడల్ ఇప్పటి బంగారు చైన్లలో లింకుల లోపల సిరామిక్ ముక్కలు పెడుతున్నది అందుకే. పెళ్లి అయిన రాత్రి పెదనాన్నగారి చైనుని వాచీ నుంచి విడదీసి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పిల్లల టూత్‌బ్రష్‌తో రుద్దాను. నీళ్లు నల్లగా, అడుగున గంధం మడ్డితో, చూడలేకపోయాం. కడిగితే వదులు తగ్గదు, మురికి పోయాక కాస్త ఎక్కువే కనిపించొచ్చు కూడా. కానీ ఆ అరుగుదల నెమ్మదిస్తుంది. మరీ వదులైతే కొత్త పిన్నులు వేసి బిగించే పనివాళ్లున్నారు.

పాలిష్ మాత్రం కొట్టనివ్వకండి. సర్వీసుకి ఇస్తే చాలు, అడగకుండానే మెరుగు పెట్టేసి లింకుల అంచులన్నీ గుండ్రంగా చేసి చేతిలో పెడతారు. పోయిన లోహం ఎవరు తెచ్చిస్తారు?

అన్నీ విన్నాక కూడా కొత్త చైనే వేయిస్తానంటే మీ ఇష్టం. పాతది షాపులో వదిలి రాకండి, తీసిన లింకులు కూడా అడిగి తెచ్చుకోండి. ఒక షాపులో పెదనాన్నగారి చైను పొట్టి చేయించినప్పుడు తీసిన లింకుల గురించి ఇప్పటికీ “ఎక్కడో ఉంటాయి సార్” అంటున్నారు. మధ్యలో ఉన్నది బంగారం మరి.