మామిడాకులు రాలితే ఫోను మొరాయిస్తోంది!

ప్రశ్న: ఇంట్లో పట్టిన పచ్చళ్లు అమ్మడానికి సొంతంగా వెబ్‌సైట్ తయారుచేశాను. పైనుంచి మామిడాకులు రాలే యానిమేషన్, పరుగెత్తే ధరల వరస, గూగుల్ మ్యాప్, రెండు యూట్యూబ్ వీడియోలు పెట్టాను. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది. మా అత్తయ్య ఫోన్లో మాత్రం నత్తనడకే. ఏం చేయాలండీ?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు పంపిన కోడ్ చూశానమ్మా. ఆకులు పెట్టడంలో తప్పులేదు, చిక్కంతా వాటిని కదిపిన తీరులోనే ఉంది. ఒక్కో ఆకునీ ‘మార్జిన్-టాప్’, అంటే పైన వదిలే ఖాళీ, పెంచుతూ కిందికి దించారు. పెళ్లి పంక్తిలో ఒకాయన జరిగితే వరసంతా విస్తళ్లు సర్దుకున్నట్టు, అది మారిన ప్రతిసారీ పేజీలో ఏది ఎక్కడుండాలో బ్రౌజర్ మళ్లీ లెక్క కట్టాలి. కదలిక సాఫీగా ఉండేలా సెకనుకు 60 ఫ్రేములు (వరసగా మారే బొమ్మలు) రావాలంటే ఒక్కోదానికి దొరికేది 16 మిల్లీసెకన్ల పైచిలుకే. పాత ఫోను అంత వేగంగా ఎక్కడ సర్దుతుంది?

మార్జిన్ తీసేసి ‘ట్రాన్స్‌ఫార్మ్’లోని ‘ట్రాన్స్‌లేట్’తో కదపండి. మెల్లగా మాయం కావాలంటే ‘ఒపాసిటీ’ తగ్గించండి. ఈ రెండూ మారినప్పుడు పక్కవాటిని కొలవక్కర్లేదు, పని చాలావరకు గ్రాఫిక్స్ చిప్ మీదికి పోతుంది. దీనికి జావాస్క్రిప్ట్ కూడా అక్కర్లేదు, పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌లోని కీఫ్రేమ్స్ చాలు. ఆకులు నలభై ఎందుకు, ఆరేడు చాలవూ?

ధరల వరసకు మార్క్యూ ట్యాగ్ వాడారు. నా మొదటి పేజీ నిండా అవే, కాబట్టి మిమ్మల్ని అనే హక్కు నాకు లేదు. కానీ వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్5 దాన్ని పక్కన పెట్టేసింది. పైగా గోంగూర పావుకిలో ఎంతో చూద్దామనుకునేలోపే అంకె తెర దాటిపోతోంది. మామూలు పట్టిక పెట్టండి. ‘డెలివరీ ఎన్ని రోజులు?’ లాంటి ప్రశ్నలకు డీటెయిల్స్, సమ్మరీ ట్యాగులు వాడితే నొక్కగానే జవాబు తెరుచుకుంటుంది, ఒక్క లైను స్క్రిప్ట్ లేకుండా.

యూట్యూబ్ వీడియోల బరువు తక్కువేం కాదు. ఎవరూ ప్లే నొక్కకపోయినా ప్లేయర్ సరంజామా అంతా దిగిపోతుంది. అక్కడ ఒక ఫొటో పెట్టి, నొక్కితేనే ఐఫ్రేమ్ (వీడియో ఆడే చట్రం) వచ్చేలా చేయండి. మ్యాప్‌కు ‘లోడింగ్’ దగ్గర ‘లేజీ’ అని రాస్తే, చూసేవాళ్లు కిందికి వచ్చేదాకా అది ఆగుతుంది.

కదిలే బొమ్మలు చూస్తే కొందరికి కళ్లు తిరుగుతాయి. అలాంటివాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో యానిమేషన్లు తగ్గించుకుంటారు. ‘ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్’ అనే మీడియా క్వెరీ (ఆ సెట్టింగ్ ఉందో లేదో చూసే సీఎస్ఎస్ షరతు) రాసి, వాళ్లకు ఆకులు ఆపేయండి. ఇవన్నీ అయ్యాక క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించి చూడండి. అత్తయ్యగారి ఫోన్ అడగకుండానే సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: రిటైరైన సైన్స్ మాస్టారిని. పిల్లల కోసం ఎప్పుడో చేసిన ఫ్లాష్ పాఠాలు సీడీలో ఉన్నాయి. ఇప్పుడు ఏ బ్రౌజర్‌లోనూ తెరుచుకోవడం లేదు.

జవాబు: అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మంగళం పాడేసింది మాస్టారూ. పాత ప్లేయర్ కోసం ఎక్కడెక్కడో వెతికి డౌన్‌లోడ్ చేయకండి, వైరస్‌లు దూరే దారి అది. ‘రఫుల్’ అని ఉచిత ఎమ్యులేటర్, అంటే పాత ప్లేయర్ పని తాను చేసిపెట్టే సాఫ్ట్‌వేర్, ఉంది. దాని సైట్‌లోని డెమోలో మీ ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్) ఫైల్ తెరిచి చూడండి. ఫ్లాష్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2లతో చేసినవైతే ఎక్కువ భాగం ఆడతాయి. 3తో చేసినవాటిలో కొన్ని మొండికేయవచ్చు. ముందుగా సీడీలోవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.