పాఠకుల ప్రశ్నలు: ‘దృశ్యం’ ముగింపులో మోసం ఉందా?

ఊహించని మలుపుతో ముగిసే నేరకథా చిత్రాల మీద అభిప్రాయాలు రాయమని కోరినప్పుడు ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులు పంపిన ఉత్తరాల్లో చాలా భాగం ‘దృశ్యం’ చుట్టూనే తిరిగాయి. శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్, మీనా, నదియా నటించగా 2014 జూలైలో విడుదలైన ఆ చిత్రం, జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీసిన చిత్రానికి తెలుగు రూపం. కేబుల్ టీవీ వ్యాపారం చేసుకునే రాంబాబు పెద్ద కూతుర్ని ఒక యువకుడు రహస్యంగా తీసిన వీడియోతో బెదిరిస్తాడు. ఆ పెనుగులాటలో అతడు ప్రాణం కోల్పోతాడు. అతడు పోలీసు ఉన్నతాధికారిణి కొడుకు కావడంతో కథ బిగుసుకుంటుంది. ముగింపు గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరాలకు జవాబు చెప్పడం కుదరదు కనుక, సినిమా ఇంకా చూడనివారు ముందు అది చూసి వచ్చి ఈ పేజీ చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: ఈ సినిమాను మా ఇంటిల్లిపాదీ కలిసి చూశాం. శవం కొత్త పోలీసు స్టేషన్ నేల కింద ఉందని చివర్లో తెలియగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మా మావగారు మాత్రం, “అసలు సంగతిని దర్శకుడు మన దగ్గర దాచిపెట్టాడు, దాచిపెట్టి ఆశ్చర్యపరచడంలో గొప్పేముంది?” అన్నారు. ఎవరి మాట సరైనది? – ఒక గృహిణి, బరంపురం

జవాబు: మీ మావగారి అభ్యంతరాన్ని కొట్టిపారేయడానికి లేదమ్మా. నేరకథ చెప్పేవారు కొన్ని సంగతులు దాచక తప్పదు, అయితే దాచడానికీ అబద్ధం చెప్పడానికీ మధ్య ఉన్న గీతను దాటకూడదు. ముగింపు తెలిసిన తరువాత సినిమాను మళ్లీ మొదటి నుంచి చూసినప్పుడు ప్రతి సన్నివేశమూ ఆ ముగింపుతో పొసగాలి, పైగా మొదటిసారి మనం పట్టించుకోని వస్తువో మాటో ఇప్పుడు కొత్త అర్థంతో కనబడాలి. ఈ పరీక్షకు ‘దృశ్యం’ చాలావరకు నిలబడుతుంది. పోలీసు స్టేషన్ కొత్త భవనం కడుతున్న సంగతిని కథ మన కళ్లెదుటే ఉంచింది, మనమే దాన్ని ఊళ్లో జరిగే మామూలు పనుల్లో ఒకటిగా వదిలేశాం. పెరట్లో గోతిని తవ్వించినప్పుడు మనిషి శవానికి బదులు జంతువు కళేబరం బయటపడిన సన్నివేశంలో రాంబాబు భార్య ముఖాన్ని మరోసారి గమనించండి. శవాన్ని ఎక్కడికి మార్చాడో అతడు భార్యాపిల్లలకు కూడా చెప్పలేదు కనుక, ఆ క్షణాన వాళ్లకు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. ఆ ఇంటివారి పక్కన మనల్ని నిలబెట్టి కథ చెప్పిన దర్శకురాలు వారికి తెలియనిది మనకు చెప్పకపోవడం మోసం కాదు.

అయితే మీ మావగారి మాటలో నిజం ఉన్న చోటు ఒకటుంది. చనిపోయిన యువకుడి కారును రాంబాబు నీళ్లలోకి నెట్టడాన్ని, అతడి సిమ్ ఉన్న ఫోన్‌ను దారిన పోయే లారీలోకి విసరడాన్ని సినిమా మనకు చూపించింది. ఆ పనులు చేస్తున్నప్పుడు అతడి వెంట భార్య లేదు, పిల్లలు లేరు, మనమే ఉన్నాం. అన్నింటికంటే ముఖ్యమైన, శవాన్ని మార్చిన ఆ ఒక్క రాత్రి మాత్రం మన ముందు తలుపు మూసేశారు. అతడి రహస్యాలను మనతో పంచుకుంటూ వచ్చిన కథ, తనకు అవసరమైన చోట ఆ స్నేహాన్ని తెంచుకుందని మీ మావగారు నొచ్చుకుంటే అది న్యాయమైన నొప్పే. నా తీర్పు మాత్రం పిల్లల వైపే మొగ్గుతుంది. కట్టుబడిలో ఉన్న ఆ భవనం కనుక ముందే తెర మీద కనిపించకపోయి ఉంటే నేనూ ఆయన పక్షానే నిలబడేవాణ్ని.

ప్రశ్న: సినిమా చివర్లో రాంబాబు ఆ తల్లిదండ్రుల ముందు దాదాపు నేరం ఒప్పుకున్నట్టే మాట్లాడతాడు. ఆ తల్లి పోలీసు అధికారిణి కదా, ఆ మాటల ఆధారంగా అప్పటికప్పుడు కేసు మళ్లీ తెరవవచ్చు కదా? ఈ లోపాన్ని దర్శకురాలు గమనించలేదా? – న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేసే పాఠకుడు, రాయగడ

జవాబు: కోర్టు పనిలో ఉన్నవారికి తట్టవలసిన ప్రశ్నే ఇది. కథాకాలానికి అమలులో ఉన్నది 1872 నాటి సాక్ష్య చట్టం. దాని 25వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇదే రక్షణ 23వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి పోలీసు స్టేషన్‌లో గదమాయించి ఒప్పించగానే కేసు తేలిపోయినట్టు చూపే సినిమాలన్నీ చట్టానికి చాలా దూరం జరిగిపోతున్నాయి. నిందితుడు స్వచ్ఛందంగా చెప్పదలచుకుంటే మేజిస్ట్రేటు ముందు చెప్పాలి. ఒప్పుకోవలసిన నిర్బంధం ఏదీ లేదనీ, ఒప్పుకుంటే ఆ మాటలే నీకు వ్యతిరేకంగా సాక్ష్యం కావచ్చుననీ మేజిస్ట్రేటు అతడికి ముందుగా తెలియజెప్పాలి.

ఇక మీరడిగిన సన్నివేశానికి వస్తే, అప్పటికే ఆమె ఉద్యోగానికి రాజీనామా చేసి ఉంటుంది. మామూలు వ్యక్తి ముందు చేసిన నేరాంగీకారాన్ని కోర్టు పరిశీలనకు తీసుకోవచ్చు కానీ, దాన్ని బలహీనమైన సాక్ష్యంగానే చూసి ఇతర ఆధారాలతో సరిపోల్చుకోవడం రివాజు. రాంబాబు మాటలను మరొకసారి వినండి. పిలవని అతిథిలా వచ్చినవాడి గురించి, కుటుంబాన్ని కాపాడుకోవలసి వచ్చిన తండ్రి గురించి మాట్లాడి క్షమాపణ అడుగుతాడు. ఎవరు చంపారో, ఎలా చంపారో, శవం ఎక్కడుందో ఒక్క ముక్క కూడా చెప్పడు. ఆ మాటలను కోర్టులో పెడితే ఏ న్యాయవాది అయినా వాటికి వేరే అర్థం చెప్పగలడు. అందువల్ల మీరు లోపం అనుకున్నదాన్ని నేను ఆ రచనలోని జాగ్రత్తగా చూస్తున్నాను.

శవం ఎక్కడుందో అతడి నోట చెప్పించకపోవడం వెనుక మరింత లోతైన కారణం ఉంది. పోలీసు కస్టడీలో ఉన్న నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా బయటపడితే, అలా బయటపడిన దానికి నేరుగా సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుందని పాత చట్టంలోని 27వ సెక్షన్ చెప్పింది. ఆ సెక్షన్ హద్దులేమిటో చెప్పిన తీర్పుగా మన కోర్టుల్లో నేటికీ ఉదహరించేది పులుకూరి కోటయ్య కేసు. 1947 నాటి లా రిపోర్టుల్లోకి ఎక్కిన ఆ ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో మన అప్పీళ్లు వినే లండన్‌లోని అత్యున్నత న్యాయపీఠం) తీర్పు, మద్రాసు హైకోర్టు నుంచి వెళ్లిన అప్పీలు మీద వచ్చింది. “ఇంటి కప్పులో దాచిన కత్తిని తీసి ఇస్తాను” అని నిందితుడు చెప్పగా కత్తి దొరికితే, అది అక్కడ ఉన్నట్టు అతడికి తెలుసునన్నంత వరకే ఆ మాట చెల్లుతుంది. “దానితోనే పొడిచాను” అన్న మాట మాత్రం చెల్లదని ఆ తీర్పు సారాంశం. ఈ తేడా తెలిసి సినిమాను మళ్లీ చూస్తే, చోటు గురించి రాంబాబు పాటించిన మౌనానికి ఎంత విలువ ఉందో అర్థమవుతుంది. శవం దొరకనంత మాత్రాన హత్య కేసు వీగిపోతుందని కొందరు పాఠకులు రాశారు, అది సరికాదు. ఇతర సాక్ష్యం నమ్మదగినదైతే శవం లేకపోయినా శిక్ష వేయవచ్చునని సుప్రీంకోర్టు 1981లో రామానంద్ కేసులో స్పష్టం చేసింది. రాంబాబును కాపాడినది శవం కనబడకపోవడం ఒక్కటే కాదు. తరువాతి రోజుల్లో చేసిన ప్రయాణాన్ని ముందు తేదీల్లో జరిగినట్టుగా బస్సు కండక్టరు మొదలైన సాక్షుల మనసుల్లో అతడు నాటిన తీరు కూడా. ఆ సాక్షులు ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, తాము నిజమే చెబుతున్నామని నమ్ముతున్నారు. నా లెక్కలో ఈ సినిమాలోని అసలు మలుపు ఇదే.

ప్రశ్న: నేను చూడకముందే మా పెద్దమ్మ కొడుకు ముగింపు మొత్తం చెప్పేశాడు. అడిగితే, “పదేళ్ల నాటి సినిమాకు రహస్యమేమిటి?” అంటున్నాడు. అన్నయ్య చేసింది తప్పు కాదా? – ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: తప్పేనమ్మా. సినిమా పాతదైనా చూసే మనిషికి అది కొత్తదే. హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ విడుదల చేసినప్పుడు ఆట మొదలైన తరువాత ఎవరినీ లోపలికి రానివ్వవద్దని సినిమా హాళ్లకు షరతు పెట్టాడు. లండన్‌లో 1952లో మొదలైన అగాథా క్రిస్టీ నాటకం ‘ది మౌస్‌ట్రాప్’ చివర, హంతకుడెవరో బయట చెప్పవద్దని నటులే ప్రేక్షకులను కోరుతూ వచ్చారు. మన పెద్దవాళ్లను అడిగి చూడు, అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలో ఎవరో ముందుగా చదివినవారు మొదటి పేజీ మీదే హంతకుడి పేరు పెన్సిలుతో రాసి పెడితే ఎంత ఉసూరుమనిపించేదో చెబుతారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వెంట పేజీలు తిప్పినవారికి ఆ బాధ బాగా తెలుసు. అయినా నువ్వు ఈ సినిమా చూడడం మానవద్దు. ఎక్కడ దాచాడన్నది తెలిసిన తరువాత, పోలీసులు ఆ ఇంటి మీదికి వచ్చే ప్రతిసారీ అతడి ముఖంలో ఏముందో వెతుక్కుంటావు. ముగింపు తెలియకుండా చూసినవారికి ఆ అవకాశం మొదటిసారి దొరకదు.

ప్రశ్న: నేరం చేసినవారు శిక్ష పడకుండా తప్పించుకుంటే ప్రేక్షకులు సంతోషించడం నాకు మింగుడు పడలేదు. నేనూ కొడుకును కన్నదాన్ని. ఆ తల్లికి బిడ్డ శవమైనా దక్కలేదు. పిల్లలకు ఇలాంటివి చూపించవచ్చా? – ఒక ఉపాధ్యాయురాలు, గుణుపురం

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువసేపు ఆపినది మీదే. చప్పట్లు కొట్టిన ప్రేక్షకులను నేను తప్పుపట్టలేను, ఎందుకంటే ఆ కుటుంబం ఎదుర్కొన్నది తమ పరువు మీద, ఆడపిల్ల బతుకు మీద పడిన దెబ్బ. పసిపిల్లను కొట్టి నిజం చెప్పించే సన్నివేశం చూశాక పోలీసుల పక్షాన మనసు నిలవదు. అయినా ఆ చప్పట్ల మధ్య మరుగున పడిపోయిన తల్లిని మీరు చూశారు. అధికారంతో విర్రవీగినప్పుడు ఆమె మీద ఎంత కోపం వచ్చినా, చివరికి ఉద్యోగం వదులుకుని, కొడుకు ఉన్నాడో లేడో చెప్పమని చేతులు జోడించి నిలబడిన మనిషి ఆమె. సినిమా ఆ దుఃఖాన్ని కప్పిపుచ్చలేదు, కాబట్టే ముగింపులో సంతోషంతో పాటు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. 2021లో జీతూ జోసెఫ్ దర్శకత్వంలోనే వచ్చిన తెలుగు రెండో భాగం కూడా, తప్పించుకున్న ఆ ఇంటివారు ఏళ్లు గడిచినా భయం వదలక బతుకుతున్నట్టే చూపించింది.

పిల్లల సంగతికి వస్తే, వయసు చూసుకుని పక్కన కూర్చుని చూపించమంటాను. హైస్కూలు పిల్లలతోనైతే ఆ వీడియో గురించి తప్పక మాట్లాడండి. అలాంటి బెదిరింపు వచ్చిన ఆడపిల్ల ఇంట్లో చెప్పుకుంటే తనను ఎవరూ నిందించరన్న నమ్మకం ఉంటే, ఆ కథ హత్య దాకా వెళ్లేదే కాదు. మీలాంటి ఉపాధ్యాయులు తరగతిలో ఆ మాట చెబితే పిల్లలు వింటారు.

ప్రశ్న: మేము తెలుగులో చూశాం, మా పక్కింటి ఒడియా కుటుంబం హిందీలో చూసింది. ఇద్దరం మాట్లాడుకుంటే వివరాలు కలవడం లేదు. ఏది అసలు కథ? – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: అసలుది మలయాళం. కన్నడం, తెలుగు, తమిళం, హిందీ ఆ తరువాతవి. మలయాళంలో ఆ కుటుంబం కేరళలోని తొడుపుళలో జరిగే క్రైస్తవ ప్రార్థన సభలకు వెళ్లామని పోలీసులకు చెబుతుంది, చెప్పిన తేదీలు ఆగస్టు 2, 3. గోవాలో జరిగే 2015 నాటి హిందీ చిత్రంలో అవి పణజిలోని సత్సంగం, అక్టోబరు 2, 3గా మారాయి. శవం దాచిన చోటు మాత్రం ఎక్కడా మారలేదు, మీ ఇద్దరి వాదన అక్కడ కలుస్తుంది.

ప్రశ్న: కాలేజీ పత్రికకు నేరకథ రాస్తున్నాను. హంతకుడు నిజానికి కవల సోదరుడని చివరి పేజీలో చెబితే బాగుంటుందా? – ఒక విద్యార్థి, ఛత్రపురం

జవాబు: ఉన్నట్టుండి చెబితే బాగుండదు బాబూ. ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు రాసిన పది నియమాల్లో ఇదీ ఒకటి: పాఠకుణ్ని ముందుగా సిద్ధం చేయకుండా కవలలను దించకూడదు. నీ కథలో మొదటి రెండు పేజీల్లోనే అతడి ఇంట్లో ఒక పాత ఫొటో పెట్టు. తల్లి ఒడిలో ఇద్దరు పసిపిల్లలు ఉండాలి. చూసిన పోలీసు అక్కా తమ్ముళ్లేమో అనుకుని ముందుకు వెళ్లిపోవాలి. ఆ ఫొటో మీద ఒక్క వాక్యానికి మించి రాయకు, వెంటనే మరో ఆసక్తికరమైన సంగతిలోకి కథను నడిపించు. పూర్తయ్యాక కథ పంపు, చదివి అభిప్రాయం రాస్తాను.