చమురా, సౌరశక్తా: ఆ పట్టికలో శీర్షికలు మార్చండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరబోతోంది. రసాయన శాస్త్రమన్నా, యంత్రాలన్నా తనకు ఇష్టం. పెట్రోలియం ఇంజనీరింగ్ చదివితే చమురు రోజులు దగ్గరపడ్డాయని కొందరు భయపెడుతున్నారు. సౌర, పవన విద్యుత్తు వైపు వెళ్తే ప్రభుత్వం మారగానే రాయితీలు ఎత్తేస్తారని మరికొందరు అంటున్నారు. తను నోటుపుస్తకం చివరి పేజీలో నిలువుగీత గీసి, ఒకవైపు ‘చమురు’, మరోవైపు ‘సౌరశక్తి’ అని రాసుకుంది. వార్త చదివినప్పుడల్లా ఏదో ఒకవైపు ఒక గీటు పెడుతోంది. నెల రోజులైనా రెండు వైపులా గీట్లు సమానంగానే ఉన్నాయి. ఎటు మొగ్గమంటారు?

జవాబు: వార్తలు చదివి లెక్క రాసుకునే అలవాటు ఈ వయసులోనే అబ్బిందంటే మీ అమ్మాయిని మెచ్చుకోవాలి. అయితే ఆ పట్టిక మరో ఇరవై ఏళ్లు నింపినా తేలదు. ఎందుకంటే ఈ వాదం వయసు ఇప్పటికే 50 ఏళ్లు.

1973లో అరబ్ దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే కొద్ది నెలల్లో ధర దాదాపు నాలుగింతలైంది. ఆ దెబ్బతో ఫ్రాన్స్ అణు విద్యుత్తును, బ్రెజిల్ చెరకు ఇథనాల్‌ను నమ్ముకున్నాయి. అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1979లో వైట్‌హౌస్ పైకప్పు మీద నీళ్లు వేడిచేసే 32 సౌర ఫలకాలు పెట్టించారు. 1986లో, తర్వాతి అధ్యక్షుడు రీగన్ హయాంలో, కప్పు మరమ్మతుల కోసం వాటిని దించారు. మరమ్మతులయ్యాక మళ్లీ ఎక్కించలేదు. ఆ ఫలకాలను చూసి చదువు ఎంచుకున్న కుర్రవాడు ఎవరైనా ఉంటే, ఏడేళ్ల తర్వాత అతని మనసు ఎలా ఉండి ఉంటుంది? మీ భయమూ అదే, దాన్ని నేను కొట్టిపారేయను. స్పెయిన్‌లో 2008లో సౌర విద్యుత్తుకు ప్రభుత్వం ఖాయం చేసిన ఉదారమైన కొనుగోలు ధరలు చూసి సౌర కేంద్రాలు వెల్లువలా వచ్చాయి. కొత్త కేంద్రాలపై ప్రభుత్వం పరిమితి విధించగానే మరుసటి ఏడాది ఆ రంగం కుప్పకూలింది. స్వచ్ఛ ఇంధనానికి పెద్ద ఎత్తున పన్ను రాయితీలిస్తూ అమెరికా 2022లో చేసిన చట్టాన్ని 2025లో మరో చట్టం బాగా కత్తిరించింది.

మరి చమురు వైపు కుదురుందా అంటే అదీ లేదు. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ ధర 2016 ఆరంభానికి ముప్పై కిందికి దిగింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందు తేదీకి సరుకు ఇచ్చే ఒప్పందాల) ధర ఏకంగా సున్నా కంటే కిందికి పోయింది. ఇలా ధర పడినప్పుడల్లా డ్రిల్లింగ్ తగ్గింది, నియామకాలూ తగ్గాయి.

అసలు ‘చమురు, సౌరశక్తి’ అనే ఆ రెండు శీర్షికలే సరిగ్గా ఎదురెదురుగా నిలబడవు. చర్చల్లో గొంతు చించుకునేవాళ్లు కూడా ఈ సంగతి వదిలేస్తుంటారు. చమురులో ఎక్కువ భాగం వాహనాలకు, విమానాలకు, ఓడలకు, ప్లాస్టిక్ వంటి వాటి తయారీకి పోతుంది. ప్రపంచ విద్యుత్తులో చమురుతో పుట్టేది చాలా కొద్ది. సౌర ఫలకం ఇచ్చేదేమో విద్యుత్తు. అది చమురు చోటులోకి రావాలంటే మధ్యలో బ్యాటరీ, మోటారు, ఛార్జింగ్ కేంద్రం, గ్రిడ్ ఉండాలి. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్ కార్లే. ఆ దేశమే చమురు, గ్యాస్ భారీగా ఎగుమతి చేస్తోంది. అమెరికాలో చమురు ఉత్పత్తిలో మొదటి స్థానం టెక్సాస్‌ది, పవన విద్యుత్తులోనూ దానిదే. 2023లో దుబాయ్ వాతావరణ సదస్సులో శిలాజ ఇంధనాల నుంచి వైదొలగే దిశగా సాగాలని దాదాపు రెండు వందల దేశాలు ఒప్పుకున్నాయి. ఎంత వేగంగా, ఎవరి ఖర్చుతో అన్న దగ్గరే పేచీ. ఆ పేచీ మీ అమ్మాయి ఉద్యోగంలో చేరాక కూడా నడుస్తూనే ఉంటుంది.

ఒక్క ఉదాహరణను కాస్త దగ్గరగా చూడండి. స్కాట్లాండ్ తీరానికి దూరంగా 2017 నుంచి అయిదు గాలిమరలు నీటిపై తేలుతూ విద్యుత్తు ఇస్తున్నాయి. ఒక్కొక్కటి నిలువునా ముంచిన ఉక్కు గొట్టం మీద నిలబడింది. గొట్టం నీటి కింద దాదాపు 80 మీటర్ల లోతు వరకు ఉంటుంది. అడుగున బరువు నింపి, గొలుసులతో సముద్రపు నేలకు లంగరు వేశారు. కట్టింది నార్వే చమురు సంస్థ, అప్పటి పేరు స్టాటాయిల్. లోతు సముద్రంలో చమురు వేదికలను నిలబెట్టిన విద్యే అక్కడ గాలిమరను నిలబెట్టింది. అలలు, తుప్పు, గొలుసు మీద పడే లాగుడు, ఇవన్నీ లెక్కగట్టడం నేర్చిన ఇంజనీరుకు పైన ఉన్నది రిగ్గయినా, రెక్కలయినా పని దొరికింది.

అందుకే డిగ్రీ స్థాయిలో పెట్రోలియం, పునరుత్పాదక ఇంధనం అని ఇరుకు పేర్లున్న కోర్సులు రెండూ వద్దంటాను. మీ అమ్మాయి ఇష్టాలను బట్టి కెమికల్ గానీ మెకానికల్ గానీ తీసుకోవడం మేలు. నా మొగ్గు కెమికల్ వైపు. శుద్ధి కర్మాగారం నడవాలన్నా, బ్యాటరీ తయారవ్వాలన్నా, హైడ్రోజన్ తీయాలన్నా ఆ శాస్త్రం కావాలి. ఐచ్ఛిక సబ్జెక్టులలో, బ్యాటరీల వెనకుండే విద్యుత్ రసాయన శాస్త్రాన్ని తప్పక చేర్చమనండి. భూగర్భ శాస్త్రమంటే ప్రాణమైతే మాత్రం నా మాట పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే బావి తవ్వే నైపుణ్యం, భూమి లోపలి వేడితో తీసే భూతాప విద్యుత్తుకూ కావాలి. ఒకవేళ తనను నిజంగా ఆకట్టుకుంటున్నది ఈ వాదమే అయితే, ఇంజనీరింగ్ తర్వాత ఇంధన ఆర్థిక శాస్త్రమో, విధాన రూపకల్పనో చదవవచ్చు. యంత్రం లోపల ఏముందో తెలిసి విధానం రాసేవాళ్లు చాలా అవసరం.

ఈ వారం తనతో పేజీ తిప్పించి కొత్త గీత గీయించండి. ఒకవైపు ‘ప్రభుత్వం మారితే మారేవి’, మరోవైపు ‘మారనివి’ అని రాయించండి. రాయితీలు, పన్నులు, అనుమతులు మొదటి వైపు వస్తాయి. ఉష్ణగతిక శాస్త్రం (థర్మోడైనమిక్స్), ద్రవ ప్రవాహం, లోహాల తుప్పు, నియంత్రణ వ్యవస్థలు రెండో వైపు. తర్వాత తను చేరాలనుకుంటున్న కళాశాలల సిలబస్‌లు పక్కన పెట్టుకుని, రెండో వైపున్నవి ఏ కోర్సులో ఎక్కువగా ఉన్నాయో తననే లెక్కపెట్టమనండి. ఆ లెక్క తేలాక నాకు మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం తననే రాయమనండి.