రావద్దన్నా వచ్చింది

స్నేహితురాలి ఇంట్లో పెద్ద కష్టం వచ్చిందని, తనేమో ‘నేను బాగానే ఉన్నాను, ఇప్పుడు రావద్దు’ అంటోందని, వెళ్లాలా వద్దా, వెళితే ఏం మాట్లాడాలి అని అడిగారు. ఆ ‘రావద్దు’ అన్న మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అందుకే రాస్తున్నాను.

నాన్నకు పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమవైపు రక్తం గడ్డకట్టి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మనం అనేది చాలావరకు అర్థమయ్యేది. జవాబు చెప్పలేక కళ్లనీళ్లు పెట్టుకునేవారు.

ఆ రోజుల్లో నిద్ర లేకపోవడం కంటే ఫోన్ నన్ను ఎక్కువ నలిపేసింది. అందరూ ప్రేమతోనే చేసేవారు, కాదనను. కానీ ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పాలి. ఎప్పుడు పడిపోయారు, ఎవరు చూశారు, ఆస్పత్రికి ఎంతసేపటికి తీసుకెళ్లారు... చివర్లో ఎవరో ఒకరు ‘ఇంకాస్త ముందు తీసుకెళ్లాల్సిందమ్మా’ అనేవారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. రాత్రి నిద్రలో వచ్చింది కాబట్టి మేం తెల్లారి చూసేసరికి ఎంతసేపైందో ఎవరికీ తెలియదు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆ తెల్లవారుజాము మళ్లీ నా ముందుకొచ్చేది.

ఐదో రోజు నా స్నేహితురాలు మెసేజ్ పెట్టింది. ‘రేపు పొద్దున వస్తున్నా, ఎల్లుండి వెళ్లిపోతా. నీకు మాట్లాడాలని లేకపోతే కింద కూర్చుంటా.’ వద్దన్నాను. వచ్చింది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. బ్యాగు కింద పెట్టి నా మొహం చూసి, ‘ఫోన్ ఇటివ్వు, నువ్వు పడుకోవే’ అంది.

వరండాలో బల్ల మీద ఒరిగాను. సగం నిద్రలో తన గొంతు వినిపిస్తూనే ఉంది. ‘అవునండీ, నిలకడగానే ఉన్నారు. తను పడుకుంది, లేచాక చెబుతాను.’ తను పడుకుంది అని ఇంకొకరు నా తరఫున చెబుతుంటే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మూడు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

సాయంత్రం నాన్నను చూడటానికి లోపలికి వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది ‘నన్ను గుర్తుపట్టారా?’ అని అడిగేవారు. నాన్న పేరు చెప్పాలని పెదాలు కదిపి, రాక, తల పక్కకు తిప్పేసుకునేవారు. ఇది మాత్రం తన పేరు తనే చెప్పి, నాన్న మా ఇద్దరికీ సైకిల్ నేర్పిన రోజుల గురించి మాట్లాడుతూ కూర్చుంది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నాన్న ఎడమ చేత్తో తన వేళ్లు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన మొహం అంత ప్రశాంతంగా ఉండటం నేను చూసి ఐదు రోజులైంది.

కాబట్టి వెళ్లండి అనే చెబుతాను. ఎప్పుడు వస్తారో, ఎప్పుడు వెళ్లిపోతారో ముందే చెప్పండి, మిమ్మల్ని చూసుకోవాలన్న టెన్షన్ తనకు ఉండదు. మనుషుల్ని చూసే ఓపిక నిజంగానే లేదంటే గుమ్మంలోంచే వెనక్కి రావడానికి సిద్ధపడి వెళ్లండి. ‘ఏమైనా కావాలా’ అని మాత్రం అడగొద్దు. ఏం కావాలో ఆలోచించే శక్తి కూడా ఆ సమయంలో ఉండదు. ఎదురుగా కనిపించే పని ఏదో ఒకటి అందుకోండి. ఏం మాట్లాడాలన్న దిగులు వద్దు, మేమిద్దరం ఆ రాత్రంతా పది మాటలు కూడా అనుకోలేదు.

మర్నాడు వెళ్తూ ఫోన్‌తో పాటు ఒక కాగితం నా చేతిలో పెట్టింది. ఎవరెవరు ఫోన్ చేశారో, ఎవరికి ఏం చెప్పిందో వరుసగా రాసి ఉంది. రెండు పేర్ల పక్కన ‘వీళ్లకు నువ్వు చేయకు, నేను మాట్లాడేశాను’ అని ఉంది. ఎప్పుడూ ‘ముందే తీసుకెళ్లాల్సింది’ అనేవాళ్లు ఆ ఇద్దరే. అది తనకు నేను చెప్పలేదు.