పుదుచ్చేరి పాత వీధుల్లో ఒక పూట

ప్రశ్న: పుదుచ్చేరిలో పాత కట్టడాలన్నీ ఒక్క పూటలో నడిచి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అన్నీ కుదరవు. ఉదయం ఆరింటికే బీచ్ రోడ్డుకు చేరండి. ఏడున్నర దాకా వాహనాలుండవు. 1836 నాటి పాత లైట్‌హౌస్ చూసుకుని దక్షిణంగా నోత్రదాం చర్చికి వెళ్లండి. దాని ముఖం సముద్రం వైపు, ఫొటోకు పొద్దుటి ఎండే బాగుంటుంది.

తర్వాత ఫ్రెంచి పేటనూ తమిళ పేటనూ విడదీసే కాలువ దాటి, తమిళ పేటలోని వైశ్యాళ్ వీధికి రండి. చాలామంది ఇటు రానే రారు, అసలు సరుకు ఇక్కడే! ఇక్కడి పాత తమిళ ఇళ్లకు కింద అరుగు, దానిపై బాటసారుల నీడకోసం వీధిలోకి చాచిన పెంకుల చూరు. కొన్ని ఇళ్లకు మేడ మాత్రం ఫ్రెంచి తీరు, కమాను కిటికీలతో. లోపలి మండువా చూడాలంటే ఇంటివారిని అడగాల్సిందే.

గోడలు పెచ్చులూడిన చోట ఆగి చూడండి. పాత సున్నం గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక, ఉప్పు పేరుకుని పూత ఊడుతుంది.

పుదుచ్చేరి మ్యూజియం కూడా చూడాలనుకుంటే, దానికి సోమవారం సెలవు.