ఫ్లూ టీకా తర్వాత వచ్చే మెసేజ్‌కి జవాబివ్వాలా?

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మీ పాపకు ఫ్లూ టీకా వేయించిన మూడో రోజున "ఏమైనా రియాక్షన్ వచ్చిందా? వై లేదా ఎన్ అని పంపండి" అని మెసేజ్ వచ్చిందనీ, పాపకు ఏమీ కాలేదు కాబట్టి వదిలేయొచ్చా అనీ అడిగారు. వదిలేయకండి. ఎన్, అంటే ఏమీ రాలేదని, కొట్టేయండి. నేను ఇక్కడే ఒక జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్‌లో నర్సుని, ఆ జవాబులు నా స్క్రీన్ మీదికే వస్తాయి.

స్కామేమోనన్న భయం సబబే. మా మెసేజ్‌లో మీరు టీకా వేయించిన క్లినిక్ పేరుంటుంది. బ్యాంకు వివరాలు అడిగారంటే అది మాది కాదు. ఇంకా అనుమానముంటే క్లినిక్‌కే ఫోన్ చేసి అడగండి.

దీని వెనక పెద్ద కథే ఉంది. 2010 ఏప్రిల్‌లో ఇదే పెర్త్‌లో, టీకా వేసిన కొన్ని గంటలకే తీవ్ర జ్వరంతో, ఫిట్స్‌తో పసిపిల్లలు ఎమర్జెన్సీకి రావడం మొదలైంది. ఏప్రిల్ 23న 5 ఏళ్ల లోపు పిల్లలకు దేశమంతటా ఫ్లూ టీకా ఆపేశారు. చివరికి తేలిందేమిటంటే, తేడా ఒక్క ఫ్లూవాక్స్ అనే బ్రాండులోనే. తయారీలో వైరస్‌ను ముక్కలు చేసే దశ పూర్తిగా జరగక, మిగిలిన అవశేషాలు చిన్నపిల్లల్లో జ్వరం రేపాయి. కానీ భయపడ్డ అమ్మానాన్నలు బ్రాండు పేరు చూస్తారా? ఆ తర్వాత చాలా ఏళ్లు ఫ్లూ టీకా అంటేనే తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కునేవారని మా సీనియర్ నర్సు ఇప్పటికీ చెబుతుంది.

అప్పట్లో డాక్టర్లో, తల్లిదండ్రులో తమంతట తాము చెబితేనే రియాక్షన్ సంగతి బయటికొచ్చేది. పదిమంది ఫెయిలయ్యారంటే క్లాసులో ఎంతమందో తెలియాలి కదా! ఇక్కడా మొత్తం ఎంతమందిలో రియాక్షన్ వచ్చిందనే అంకె మీలాంటివాళ్లు కొట్టే ఎన్‌లు కలిస్తేనే వస్తుంది. 2011లో పెర్త్‌లోని డాక్టర్ అలన్ లీబ్ క్లినిక్‌లో స్మార్ట్‌వాక్స్ అనే ఈ మెసేజ్ పద్ధతి మొదలైంది. 2014 నుంచి ఆస్‌వాక్స్‌సేఫ్టీ పేరుతో ఇది జాతీయ వ్యవస్థ అయింది. పేర్లు తీసేసి లెక్కలు మాత్రమే పైకి వెళ్తాయి. ఫ్లూ సీజన్లో వాటిని వారం వారం చూస్తారు, ఏదైనా బ్రాండుకు జ్వరాలు మామూలుకంటే పెరుగుతుంటే అక్కడే పట్టుకోవచ్చు.

వై కొడితే జ్వరమా, వాపా, డాక్టరుకు చూపించారా అని నాలుగు ప్రశ్నలొస్తాయి. చూపించామన్నవాళ్లకు మేమే ఫోన్ చేస్తాం.

మా అత్తగారు హనుమకొండ నుంచి వచ్చినప్పుడు ఆవిడకీ వేయించాను. మూడో రోజుకి జబ్బ ఎర్రగా వాచి, జాకెట్టు చెయ్యి బిగుతైంది. నా ఫోన్‌కి మెసేజ్ రాగానే వై కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నారు. "వద్దమ్మా, పాపం ఆ సూదేసిన పిల్ల ఉద్యోగం పోతదేమో. అయినా నొప్పొస్తేనే గదా సూది పట్టినట్టు!" ఇది కంప్లైంటు కాదత్తయ్యా, లెక్క అని ఒప్పించేసరికి టీ చల్లారిపోయింది. మన వాళ్లలో చాలామంది వై కొట్టకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పిల్లకు ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఇబ్బందైనా మెసేజ్ కోసం చూడకండి, వెంటనే ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ కొట్టండి. టీకా వేశాక క్లినిక్‌లో 15 నిమిషాలు కూర్చోబెట్టేది కూడా అందుకే, పార్కింగ్ టైమ్ అయిపోతోందని లేచిపోకండి.

పాపకు ఫ్లూ టీకా ఇదే మొదటిసారి అయితే నాలుగు వారాలకు రెండో డోసు ఉంటుంది. అప్పుడు మళ్లీ మెసేజ్ వస్తుంది, దానికీ ఉన్నదున్నట్టు కొట్టండి.