జనరల్ సీటులో ఆడవాళ్లు నామినేషన్ వేయొచ్చా?

నిక్షేపంగా వేయొచ్చు, జనరల్ అంటే మగవాళ్ల సీటు కాదు, అందరిదీ. రాజ్యాంగంలోని 243డి అధికరణం పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడో వంతు సీట్లు ఉండాలంటుంది. ఆంధ్రప్రదేశ్ చట్టం దాన్ని సగం చేసింది. ఇది కనీస హద్దే, ఇంతకు మించకూడదనే గీత కాదు. కోనసీమలో పది వార్డుల లంక గ్రామం ఒకటి అనుకోండి: ఐదు మహిళలవి, మిగతా ఐదింటిలోనూ వాళ్లు దిగొచ్చు. పదికి పదీ గెలిచినా చెల్లుతుంది.

తికమక పడేది పేర్ల దగ్గరే. ‘జనరల్ మహిళ’ అంటే ఏ కులం స్త్రీ అయినా సరే. ‘ఎస్సీ జనరల్’లో ఎస్సీ స్త్రీపురుషులిద్దరూ అర్హులే. ‘బీసీ మహిళ’ అయితే మాత్రం బీసీ స్త్రీలకే. అక్కడ కుల ధ్రువీకరణ జతచేయకపోతే పరిశీలనలో నామినేషన్ పోయే ప్రమాదం ఉంది. ‘మన ఊరికి మహిళా సీటు రాలేదు, ఈసారి మనకి లేదు’ అని ఊరుకోవడం ఉత్త అపోహ.